బంగారము పుట్టు తావులు



ఈ శీర్షికలో నింతకు ముందు ఉప్పు, సున్నము, పటిక మున్నగు గృహోపయోగ పదార్థముల జన్మవృత్తాంతములు ముచ్చటించుకొంటిమి. ఈ మాసము కైకలూరు ప్రాంతము నుండి యొక సోదరి వ్రాసిన జాబు మన దృష్టిని బంగారము వైపు మరల్చినది. ఆమె ప్రశ్నలు రెండు. గోదావరియు కృష్ణయు ఎక్కడెక్కడి కొండల మట్టినో తెచ్చి మన సీమను నిర్మించినవి గదా, ఆ మట్టిలో బంగార మేల యుండరాదు అనునది మొదటిది. రెండవది ప్రశ్న యనుటకంటె ఆర్తి యనుట తగును. ఆమె గ్రామమునకు వచ్చిన యొక పెద్దమనిషి, నూతి త్రవ్వకమున వెలువడిన మట్టిలో తళతళలాడు రేకులను జూపి, అది బంగారపు నేల యనియు, త్రవ్వించుటకు భాగస్వాములు కావలయుననియు జెప్పి, రొక్కము లేని యిండ్లలో నగలనే పెట్టుబడిగా నడుగుచున్నాడట. ఆమె అత్తగారు చేతి గాజులు తీసి యిచ్చుటకు సిద్ధపడినారట.

ఈ జాబునకు "ఇయ్యవలదు" అని యొక్క మాటతో బదులు వ్రాయవచ్చును. కాని అత్తగారి యెదుట కోడలు ఒట్టి నిషేధమును బలుకజాలదు. ఆమెకు కారణము కావలెను. కావున బంగారము భూమిలో నెట్లు చేరునో, ఎట్టి తావుల జేరునో, ఎట్టి తావుల జేరదో విచారింతము.

ముందుగా నొక వింత చెప్పెదను. బంగారము బొత్తుగా లేని నేల లేదు. ఆ లోహమును మన భూమి పుట్టింపలేదు. 2017 ఆగస్టు 17వ తేదీన, మిగుల దూరమున రెండు న్యూట్రాను నక్షత్రములు ఒండొంటిని ఢీకొన్న జాడను శాస్త్రజ్ఞులు పట్టుకొనగలిగిరి. బంగారము వంటి బరువైన లోహములు అట్టి సంఘట్టనములలో జనించునని ఆ కాంతిని పరీక్షించి తెలిసికొనిరి. ఆ విధముగా నెన్నడో పుట్టిన ధూళి నుండి భూమి యేర్పడినప్పుడు, అందలి బంగారములో నధికభాగము ఇనుముతో గూడి భూగర్భమునకు దిగిపోయినది. మిగిలినది పైరాళ్ళలో నంతటను పలుచగా వ్యాపించినది. మామూలు రాతిని ఒక టన్ను పొడిచేసి శోధించినచో నందు సగటున కొలది మిల్లీగ్రాముల బంగారము మాత్రమే దొరకును. అంత పలుచని దానిని తీయుటకగు వ్యయము బంగారము వెలకు ఎన్నియో రెట్లగును. గని త్రవ్వినచో గిట్టుబాటు కావలెనన్న టన్నుకు కొన్ని గ్రాములైన నుండవలెను. అనగా ప్రకృతి యే తావుననో ఆ బంగారమును వేయిరెట్లు చిక్కపరచి యుండవలెను.

చిక్కపరచు పనివాండ్రలో ముఖ్యులు ఇద్దరు. ఒకటి భూమిలోపలి వేడినీరు, రెండవది భూమిపై పారునీరు. ఈ యిరువురి పనియు మన వంటయింటిలో దినదినము జరుగుచునే యున్నది.

వేడినీటి సంగతి ముందు చూతము. కాగిన నీటిలో చక్కెర యెక్కువగా కరగును. ఆ పాకము చల్లారిన కొలది కరగిన చక్కెర నిలువజాలక నూలుపోగును బట్టుకొని పటికబెల్లముగా గట్టును. భూమిలోపల ననేక కిలోమీటర్ల లోతున, రాళ్ళలో నిమిడియున్న నీరు వేడికిని నొత్తిడికిని వెలికి వచ్చును. దాని వేడిమి మన యెసరు కంటె మూడు నాలుగు రెట్లు హెచ్చు. పైనున్న రాతి బరువు చేత నది యావిరి కాజాలదు. అందు గంధకము కలసియుండును. మన పొయ్యి మీది నీటిలో బంగారము కరగదు గాని, గంధకముతో గూడిన ఆ మహోష్ణజలములో కొంచెము కొంచెముగా కరగును. ఆ నీరు విశాలమైన రాతిరాశుల నుండి చిటికెడు చిటికెడుగా బంగారమును గ్రహించి, పగుళ్ళ వెంట పైకి బోవును.

ఇక్కడ అన్నపు గిన్నె మూతను జ్ఞప్తికి దెచ్చుకొనుడు. ఎసరు కాగుచుండ ఆవిరి లోలోపల బలిసి, మూతను ఒక్కమారు లేపి బుస్సున వెడలును. మూత మరల పడును. మరల ఆవిరి బలియును. భూమిలో పగులు మూసికొనియున్న చోట ఆ నీటి యొత్తిడి బలిసి బలిసి, రాతిని చీల్చును. చీలిన క్షణమున నొత్తిడి తటాలున తగ్గును. కరగిన పదార్థములు నిలువజాలక ఆ చీలికలో దిగబడును. వానిలో పెక్కువంతు తెల్లని పలుగురాయి. నడుమ నడుమ గంధకపు ఖనిజములు. వానితో నించుక బంగారము. చీలిక మూసికొనును. మరల కొంతకాలమునకు చీలును. ఇట్లు వేలమారులు జరిగిన పిదప, పొరమీద పొరగా పలుగురాతి ఈనె యొకటి యేర్పడును. నీరు సాగిపోవు త్రోవలో ఇనుము మెండుగా గల నల్లరాయి తగిలినచో, ఆ యినుము నీటిలోని గంధకమును లాగికొనును. గంధకపు తోడు దప్పిన బంగారము అచ్చటనే నిలిచిపోవును.

కోలారు కథ యిదియే. బెంగుళూరునకు తూర్పున, మన చిత్తూరు సీమ నానుకొని, ఉత్తర దక్షిణములుగా సన్నని పట్టీవలె నల్లరాళ్ళు సుమారు 80 కిలోమీటర్లు సాగియున్నవి. ఆ రాళ్ళు సుమారు 270 కోట్ల సంవత్సరముల క్రిందట సముద్రగర్భమున ప్రవహించిన అగ్నిశిలాద్రవము గడ్డకట్టినవి. పిమ్మట ఇరువైపుల గ్రానైటు రాశుల నడుమ అవి నలిగి, మడతలుపడి, చీలినవి. సుమారు 250 కోట్ల సంవత్సరముల క్రిందట ఆ చీలికలలో బంగారము చేరినది. ఆ ఈనెలలో మిక్కిలి ప్రసిద్ధమైనది చాంపియను రీఫు. 1802లో జాన్ వారెన్ అను సైనికోద్యోగి ఆ ప్రాంతపు గ్రామస్థులు మట్టిని కడిగి బంగారపు రజను దీయుట గాంచెను. 1880లో జాన్ టేలర్ సంస్థ పని చేపట్టినది. 1902లో శివసముద్రము జలపాతము నుండి ఆ గనులకు విద్యుచ్ఛక్తి వచ్చినది. త్రవ్వి త్రవ్వి సుమారు 3,200 మీటర్ల లోతునకు, అనగా రెండు మైళ్ళ క్రిందికి దిగిరి. సుమారు 120 సంవత్సరములలో నచ్చట తీసిన బంగారము 800 టన్నుల మేర. తొలిదినములలో టన్ను రాతికి 40 గ్రాములకు పైబడి దొరికిన చోట తుదకు 3 గ్రాముల మేర మాత్రమే దొరకుటచే, 2001 ఫిబ్రవరి 28వ తేదీన గనులు మూతపడినవి.

ఈ లెక్కను మన మెడలోని గొలుసునకు అన్వయించి చూడుడు. నాలుగు కాసుల గొలుసు 32 గ్రాములు. టన్నుకు 3 గ్రాముల చొప్పున ఆ గొలుసునకు పది టన్నులకు మించిన రాయి కావలెను; ఎడ్లబండికి టన్ను చొప్పున వేసికొన్నను పది బండ్లకు పైమాట. ఆ రాతిని రెండు మైళ్ళ లోతున, అరువది డిగ్రీలు దాటి కాగెడి రాతిగోడల నడుమ, మనుష్యులు పగులగొట్టి పైకి దెచ్చిరి. ఆ లోతున కొండ బరువునకు గోడరాళ్ళు అకస్మాత్తుగా ప్రేలి మీద పడుట గలదు. రాతిదుమ్ము రొమ్మున జేరి పలువురి ఊపిరితిత్తులు చెడినవి. ఆ పనివారిలో తమిళులతో పాటు చిత్తూరు సీమ తెలుగువారును పెక్కురు. గనులు మూతపడిన పిదప ఆ యూరి స్త్రీపురుషులు వేలకొలది తెల్లవారుఝామున రైలెక్కి బెంగుళూరునకు పనికి బోవుట యలవాటైనది. బంగారమును వేరుచేయుటకు సయనైడు వాడిన పిదప మిగిలిన పిండిరాతి గుట్టలు ఆ యూరి చుట్టును నేటికిని నిలిచియున్నవి; గాలి వీచినప్పుడు వాని దుమ్ము ఇండ్లలో బడుచుండును. గొలుసు తూచునప్పుడు తరాజు ఈ బరువును జూపదు.

కోలారు రాతిపట్టీ దక్షిణమున మన కుప్పము ప్రాంతమునకు వ్యాపించినది. చిగురుగుంట, బిసానత్తము గనులు ఆ కొనసాగింపులోనివే. అనంతపురపు సీమలో రామగిరి, కర్నూలు జిల్లాలో జొన్నగిరి ఇట్టి పురాతన శిలలకు చెందిన తావులు. రామగిరిలో ఇరువదవ శతాబ్ది తొలినాళ్ళలో నొకమారు, స్వాతంత్ర్యము వచ్చిన పిదప మరొకమారు బంగారము తీసిరి. జొన్నగిరి విశేష మేమన, అచ్చట పలుగురాతి ఈనెలు నల్లరాతిలో గాక గ్రానైటు వంటి రాతిలో చొచ్చియున్నవి. అశోకుని శాసనములలోని సువర్ణగిరి యిదియే యని కొందరు పండితుల యభిప్రాయము. ఎర్రగుడి శాసనములు దాని సమీపముననే యున్నవి. నైజాము రాజ్యములో నుండి పిమ్మట కర్ణాటకమున జేరిన హట్టి గనిలో, రమారమి రెండువేల సంవత్సరముల నాటివారు రాతికి నిప్పుబెట్టి కాల్చి పగులగొట్టుచు, ఆరువందల యడుగుల లోతు దాక దిగిన జాడలు బయటపడినవి. హట్టి నేటికిని పనిచేయుచున్న గని.

అన్ని వేడినీటి గనులును ఇంత ప్రాచీనములు కావు. అగ్నిపర్వతము లున్న దేశములలో ఆ పని నేలకు చాల దగ్గరలో, ఉష్ణగుండముల క్రిందనే జరుగును. జపాను దేశపు హిషికారి గనిలోని బంగారము సుమారు పదిలక్షల సంవత్సరముల క్రిందటిది మాత్రమే. కోలారు ముందర పసిబిడ్డ. ఇండొనీషియా దేశపు గ్రాస్‌బెర్గు గనిలో అగ్నిశిలల నడుమ రాగితో గలసి బంగారము దొరకును. అమెరికాలోని నెవడా రాష్ట్రమున కార్లిన్ అను చోట 1961లో కనుగొనిన గని మరియు చిత్రమైనది. అచ్చటి బంగారము కంటికి గాని, మామూలు సూక్ష్మదర్శినికి గాని యానదు. సున్నపురాతిలో చిన్న చిన్న గంధకపు ఖనిజ రేణువుల లోపల డాగియుండును. అసలు బంగారము మెరయకనే యుండవచ్చునని ఈ యుదాహరణము వలన దెలియును.

ఇక రెండవ పనివాడైన పారునీటి మాట. బియ్యము గాలించుట యెరుగని యిల్లాలు లేదు. నీటిలో గిన్నెను త్రిప్పుచుండ తేలికయైనవి ముందు వెడలును, రాళ్ళు అడుగున నిలుచును. బంగారము నీటికంటె పందొమ్మిది రెట్లు బరువు. పలుగురాయి రెండున్నర రెట్లకు కొంచెము హెచ్చు. కొండలలోని ఈనెలు ఎండకు వానకు చివికి విడివడినప్పుడు, వాగులు ఆ రాతిపొడిని గాలించును. బరువైన బంగారపు రజను మలుపులయందును, రాళ్ళ సందులయందును, మడుగుల యడుగునను నిలుచును. ఝార్ఖండమున ప్రవహించు సువర్ణరేఖా నదికిని, కేరళమున నిలంబూరు ప్రాంతపు వాగులకును ఈ కారణముననే ప్రసిద్ధి వచ్చినది. కంసాలివారి వీధులలో దుమ్మును కొనిపోయి జలగడుగువారు చేయునదియు నిదియే.

మన ప్రాచీనులు దీనిని బాగుగా నెరుగుదురు. అమరకోశమున బంగారమునకు గల పర్యాయపదములలో గాంగేయము, జాంబూనదము అనునవి నదులను దలపించునవి. మహాభారతము సభాపర్వమున, రాజసూయమునకు కానుకగా వచ్చిన పిపీలిక స్వర్ణము ప్రశంస గలదు. అది చీమలు తవ్విపోసిన రజనట. జాతరూప మను పేరు మరియు నందమైనది. ఇనుము, రాగి మున్నగునవి సామాన్యముగా నితర పదార్థములతో గలసి, రూపుమాసి దొరకును. బంగారమో తరచుగా పుట్టినప్పటి తన రూపముననే దొరకును.

పారునీరు చేసిన ప్రోగులలో ఘనమైనది దక్షిణాఫ్రికాలోని విట్‌వాటర్స్‌రాండు. అచ్చట 1886లో గనులు వెలసినవి. 280 కోట్ల సంవత్సరములకు పూర్వపు నదులు పేర్చిన గులకరాళ్ళ పొరలు కాలక్రమమున గట్టి రాయిగా మారి, తమలోని బంగారమును భద్రపరచినవి. లోకమున నింతవరకు మనుష్యులు తీసిన బంగారములో పెద్ద వంతు ఆ యొక్క ప్రాంతము నుండి వచ్చినదే.

ఇప్పుడు మన సోదరి మొదటి ప్రశ్నకు సమాధానము తేలికయైనది. గోదావరి పుట్టి చిరకాలము ప్రవహించు మహారాష్ట్రపు నల్లరాతి పీఠభూమి సుమారు ఆరున్నర కోట్ల సంవత్సరముల నాటిది. అదియు అగ్నిశిలాద్రవమే గాని, కోలారు రాళ్ళవలె నలిగి చీలి, లోతునుండి వేడినీటిని గ్రోలిన వృత్తాంతము దానికి లేదు. కృష్ణకు తోడగు తుంగభద్ర బంగారపు సీమల మీదుగా వచ్చుట నిజమే. కాని గాలించు గిన్నెలో బరువైనది ముందుగా నిలుచును గదా! కొండ దిగిన నది బరువులను దారిపొడుగున దించుకొనుచు వచ్చును. తొలుత గుండ్లు, పిమ్మట గులకరాళ్ళు, పిమ్మట ముతక ఇసుక, తుదకు మెత్తని ఒండ్రు. మన కొల్లేరు రెండు నదుల డెల్టాల నడుమ నున్న పల్లము. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన మడ్డినీరు నిలకడగా తేరుకొని ఉప్పుటేరు దారిని సముద్రమునకు బోవు చోటు. అచ్చట దిగునది నీటిలో చిరకాలము తేలగల మిక్కిలి తేలిక మట్టి. ఏలూరు నుండి తాడేపల్లిగూడెము దాక కాలువల క్రింద వరి పండించు భాగ్యమును అట్టి యొండ్రుమట్టి మనకిచ్చినది. బంగారపు ఈనె యుండుటకు అందు పురాతనపు పగుళ్ళ రాయి లేదు; రజను నిలుచుటకు నదీవేగమును లేదు.

మరి ఆ నూతిమట్టిలో మెరసిన రేకు లేమి? అవి అభ్రకపు రేకులని నా నమ్మకము. మన పెద్దలు దానికి కాకిబంగార మను పేరు ఊరక పెట్టలేదు. కొండరాళ్ళు చివికినప్పుడు అభ్రకము పలుచని రేకులై, తేలికగుటచే నీటితో చాల దూరము వచ్చి ఒండ్రులో నిలుచును. బంగారము దూరము రాజాలదు, కాకిబంగారము రాగలదు. మన సీమ మట్టిలో మెరుపు కనబడుటకు కారణ మిదియే. వైద్యులు వాడు స్వర్ణమాక్షికము వంటి పసుపువన్నె ఖనిజములును ఇట్లే కన్నులను మోసగించును.

పరీక్షలు మూడు గలవు. రేకును గోటితో మీటుడు. పొరలుగా విడివడినచో అభ్రకము. సుత్తితో కొట్టుడు, మాక్షికము పొడియగును, బంగారము సాగి పలుచనగును. గరుకైన తెల్లపింగాణి వెనుకభాగమున గీయుడు. మాక్షికము నల్లని గీత నిచ్చును, బంగారము పచ్చని గీత నిచ్చును. ఇవి గాక ఆ మట్టిని చిన్న పళ్ళెములో గాలించినచో, అభ్రకము నీటితో బయటికి జారిపోవుట ఆ పెద్దమనిషి యెదుటనే చూపవచ్చును.

నిజముగా బంగారము గల తావున సైతము పెట్టుబడులు మునిగిన చరిత్ర గలదు. 1880 ప్రాంతమున నీలగిరుల చెంత వైనాడులో పలుగురాతి ఈనెలు కనబడినవని లండను నగరమున ముప్పదికి పైగా కంపెనీలు వెలసినవి. వానలకు చివికిన పైపొరలో బంగారము విడివడి చిక్కగా నుండుటచే ఆశ హెచ్చినది. లోతునకు బోయినకొలది రాయి పేదదైనది. కొలది సంవత్సరములలోనే ఆ కంపెనీలు కూలి, వాటాలు కొన్నవారు నష్టపడిరి. యంత్రములును, ఇంజనీర్లును గల కంపెనీల గతి యది కాగా, నూతిమట్టి జూపి గాజులడుగు వాని మాట చెప్పనేల? మరియు మన దేశమున 1957 నాటి గనుల చట్టము ననుసరించి ప్రభుత్వపు అనుమతి లేనిదే యెవరును బంగారపు గని త్రవ్వరాదు. కావున సోదరీ! మీ అత్తగారి ప్రక్కన గూర్చుండి, ఆమె చేతనే మట్టిని గాలింపించుడు. బియ్యము గాలించుటలో ఆమె యనుభవము మన యందరి శాస్త్రముకంటె పెద్దది. తేలిపోవునది బంగారము కాదని ఆమెయే ముందుగా ననగలరు. పిమ్మట ఆ వచ్చినవానిని అనుమతిపత్రమును, హైదరాబాదులో కార్యాలయము గల భారత భూగర్భ పరిశోధన సంస్థ వారి నివేదికను చూపుమని మీ యింటి పెద్దల చేత నడిగించుడు. అంతవరకు గాజులు చేతులనే యుండనిండు.

ఇంటనున్న బాలికలకు ఈ విషయమును చూపదలచువారు కమ్మరి కొలిమి నుండి చారెడు ఇనుపరజను తెచ్చి, నాలుగు చారల ఇసుకలో గలిపి, లోతైన పళ్ళెమున నీటితో గాలింపజేయుడు. పళ్ళెము నొకవైపు వంచి మెల్లగా త్రిప్పుచుండ ఇసుక జారిపోయి నల్లని రజను అంచున నిలుచును. సూదంటురాయిని దగ్గరకు దెచ్చి, ఎంత నిలిచినదో, ఎంత ఇసుకతో పోయినదో వారినే లెక్కింపుమనుడు. ఇనుము నీటికంటె ఎనిమిది రెట్లు మాత్రమే బరువు. పందొమ్మిది రెట్లు బరువైన దాని నిలుకడ యెట్టిదో వారే యూహింతురు.

వచ్చు మాసమున వెండి నల్లబడుటకు గల కారణమును, దానిని ఇంటిలోనే శుభ్రపరచు విధానమును వ్రాయుదును.